తాతయ్య బాటరీ – మనమరాలి బాటరీ

విశాఖపట్నంలో ఒక ఇంట్లో రోజూ సాయంకాలం ఒక చిన్న తగవు జరుగుతుంది. ఏడో తరగతి చదివే అమ్మాయి బడి నుంచి వచ్చి, అమ్మ ఫోను తీసి చూసి, "నలభైకి వచ్చింది. చార్జింగుకు పెడతాను," అంటుంది.

వెంటనే వరండాలో పడక కుర్చీలో ఉన్న తాతయ్య, "ఆగమ్మా! సగం ఉండగా పెట్టకూడదు. పూర్తిగా దిగిపోనీ. అప్పుడు ఒక్కసారిగా నిండా ఎక్కించాలి. లేకపోతే బాటరీ పాడైపోతుంది," అంటాడు.

"అలా అక్కర్లేదని మా సైన్సు మాస్టారు చెప్పారు, తాతయ్యా!"

"మీ మాస్టారు పుట్టక ముందు నుంచీ నేను బాటరీలు వాడుతున్నాను!"

ఇంతలో నాన్న ఆఫీసు నుంచి వచ్చి, "ఎందుకొచ్చిన గొడవ? రాత్రి పడుకునేటప్పుడు తగిలించేస్తే తెల్లారేసరికి అదే నిండుతుంది," అని తేల్చేస్తాడు. వంటింట్లోంచి అమ్మ, "తగిలిస్తే తగిలించండి గాని, పక్క మీద మాత్రం పెట్టకండి," అంటుంది.

ఇటువంటి తగవు మీ ఇంట్లో కూడా జరుగుతూనే ఉంటుంది. వీళ్ళలో ఎవరి మాట నిజం?

తమాషా ఏమిటంటే, తాతయ్య చెప్పినది అబద్ధం కాదు. ఒకప్పుడు అది మంచి సలహాయే. కాని ఆ సలహా ఏ బాటరీని గురించి పుట్టిందో, ఆ బాటరీ ఇప్పుడు అమ్మ ఫోనులో లేదు. బాటరీ అనే పేరు ఒక్కటే అయినా వాటి స్వభావాలు వేరు. ఒకదానికి పథ్యమైనది ఇంకొకదానికి పడదు. ఎందుకు పడదో తెలియాలంటే బాటరీ లోపల ఏం జరుగుతున్నదో చూడాలి. ఈ తగవు వెనక ఒక తుఫాను కథ కూడా ఉన్నది. అది చివర చెబుతాను.

కప్ప కాలు, నిమ్మకాయ

చాలామంది బాటరీ అంటే నీళ్ళ బిందెలాటిదనుకుంటారు. కరెంటును బిందెలో నింపినట్టు నింపి, కావలసినప్పుడు వంచుకోవచ్చునని వారి ఊహ. బాటరీలో కరెంటు నిలవ ఉండదు. అందులో ఉండేవి రసాయన పదార్థాలు. అవి ఒకదానితో ఒకటి కలిసి మార్పు చెందేటప్పుడు విద్యుత్తు పుడుతుంది.

ఈ సంగతి మొదట కప్ప కాలు మూలాన బయటపడింది. ఇటలీ దేశంలో, బొలోన్యా నగరంలో, గాల్వానీ అనే శరీర శాస్త్రజ్ఞుడు 1780 ప్రాంతంలో చచ్చిన కప్పల కాళ్ళతో ప్రయోగాలు చేస్తూ ఉండేవాడు. రెండు రకాల లోహాలు ఒకేసారి తగిలినప్పుడు కప్ప కాలు బతికి ఉన్నట్టుగా తన్నుకున్నది! విద్యుత్తు కప్ప శరీరంలోనే ఉన్నదని ఆయన అనుకున్నాడు. అదే దేశంవాడైన వోల్టా ఇందుకు ఒప్పుకోలేదు. "కప్పలో ఏమీ లేదు. రహస్యమంతా ఆ రెండు లోహాలలోనే ఉన్నది," అన్నాడు. ఆయన రాగి బిళ్ళలూ జింకు బిళ్ళలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య మధ్య ఉప్పునీట తడిపిన గుడ్డముక్కలు పెట్టి, 1800లో ప్రపంచంలో మొట్టమొదటి బాటరీ తయారు చేశాడు. "వోల్టు" అనే మాట ఆయన పేరు మీదనే పుట్టింది.

ఇది మీరు కూడా చేసి చూడవచ్చు. ఒక నిమ్మకాయను కాస్త నలిపి, అందులో ఒక పక్క జింకు పూత పూసిన మేకునూ, రెండో పక్క శుభ్రంగా గీకిన రాగి తీగనూ గుచ్చండి. రెండూ లోపల తగులుకోకూడదు. బడిలో వోల్టు మీటరు ఉంటే దానికి తగిలించి చూడండి. ఒక వోల్టుకు కొంచెం తక్కువగా చూపుతుంది. ఇటువంటి నిమ్మకాయలు నాలుగు వరసగా కలిపితే చిన్న ఎర్ర ఎల్‌ఇడి దీపం మినుకు మినుకుమని వెలగవచ్చు. జింకు నెమ్మదిగా పులుపులో కరుగుతూ ఎలక్ట్రానులను వదులుతుంది. అవి తీగ వెంట రాగి వైపు పరుగెత్తుతాయి. ఆ పరుగే కరెంటు. ప్రయోగం అయిన తరవాత ఆ నిమ్మకాయలతో మాత్రం పులిహోర కలపకండి! వాటిలో జింకు కరిగి ఉంటుంది. పారవేయండి.

తిరిగి రాని బాటరీ, తిరిగి వచ్చే బాటరీ

నిమ్మకాయలో కరిగిపోయిన జింకు మళ్ళీ మేకు మీదికి తనంతట తాను రాదు. టార్చి లైటులోనూ, గోడ గడియారంలోనూ వేసే మామూలు ఘటం కూడా ఇటువంటిదే. 1866లో లెక్లాంషే అనే ఫ్రెంచివాడు కనిపెట్టిన ఘటానికి ఇది వారసురాలు. అయిపోతే మార్చవలసిందే. దానికి చార్జి ఎక్కించబోతే కారవచ్చు, పగలవచ్చు కూడా.

అంతకు ముందే, 1859లో, ప్లాంటే అనే ఇంకొక ఫ్రెంచివాడు వేరొక రకం బాటరీ చేశాడు. పలచని గంధకామ్లంలో సీసపు రేకులు పెట్టి, అందులోంచి కరెంటు తీసుకున్న తరవాత, బయటి నుంచి కరెంటును ఎదురుగా పంపితే జరిగిన మార్పు వెనక్కు తిరిగింది! ఇదే చార్జి చేయటం. అంటే చార్జి చేయటమంటే బిందె నింపటం కాదు, జరిగిపోయిన రసాయనిక మార్పును వెనక్కు తిప్పటం.

ఆ సీసపు బాటరీ ఈనాటికీ మన మధ్యనే ఉన్నది. కార్లలో ఉన్నది. కరెంటు పోయినప్పుడు ఫాను తిప్పే ఇన్వర్టరు కింద నల్లగా, బరువుగా కూర్చుని ఉండేది చాలా ఇళ్ళలో అదే. దాని స్వభావం ఏమిటంటే, అది ఆకలికి ఆగలేదు. కరెంటు వాడినకొద్దీ దాని రేకుల మీద సీసపు సల్ఫేటు అనే పొర ఏర్పడుతుంది. వెంటనే చార్జి చేస్తే ఆ పొర మళ్ళీ కరుగుతుంది. రోజుల తరబడి ఖాళీగా వదిలేస్తే ఆ పొర పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, తరవాత ఎంత చార్జి చేసినా కరగదు. కనక సీసపు బాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచాలి. అందులో నీళ్ళు తగ్గితే పెద్దవాళ్ళు డిస్టిల్డు నీళ్ళే పోయాలి. కుళాయి నీళ్ళలో ఉండే లవణాలు దానికి పడవు. లోపల ఉన్నది ఆమ్లం గనక పిల్లలు దాని మూతలు తీయకూడదు.

తాతయ్య సలహా ఎక్కడ పుట్టింది?

ఇక రెండో స్వభావం. 1899లో యుంగ్నర్ అనే స్వీడన్ దేశస్థుడు నికెల్, కాడ్మియం అనే లోహాలతో చార్జి చేయదగిన బాటరీ చేశాడు. ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో తీగ లేని టెలిఫోనులలో, వీడియో కెమేరాలలో, తొలి సెల్ ఫోనులలో నికెల్ బాటరీలు ఉండేవి. మన దేశంలో 1995 జులై 31న మొదటి సెల్ ఫోను సంభాషణ జరిగింది. ఆ రోజులలో ఫోను కొన్నవారికి నికెల్ బాటరీల అలవాట్లు బాగా తెలుసు.

నికెల్–కాడ్మియం బాటరీకి ఒక వింత గుణం ఉన్నది. దాన్ని ప్రతిసారీ సగం దాకానే వాడి చార్జి చేస్తూపోతే, కొన్నాళ్ళకు అది సగం దగ్గిరికి రాగానే నీరసించిపోతుంది. మిగతా సగాన్ని మరిచిపోయినట్టే ప్రవర్తిస్తుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలలోని బాటరీలు ప్రతి ప్రదక్షిణంలోనూ ఒకే మేరకు ఖర్చయి, ఒకే మేరకు నిండుతూ ఉండేవి. అటువంటి చోట ఈ గుణం బయటపడింది. దీనికి "జ్ఞాపకం" అని పేరు పెట్టారు. నిజానికి బాటరీకి జ్ఞాపకమూ లేదు, మరుపూ లేదు. వాడకుండా మిగిలిపోయిన భాగంలో కాడ్మియం స్ఫటికాలు పెద్దవిగా పెరిగిపోవటమే ఇందుకు ముఖ్య కారణం. అప్పుడప్పుడు బాటరీని పూర్తిగా దించి, మళ్ళీ నిండా ఎక్కిస్తే ఆ స్ఫటికాలు విరిగి, బాటరీ తేరుకుంటుంది.

చూశారా? "పూర్తిగా దిగిపోనీ, అప్పుడు పెట్టు," అన్న తాతయ్య సలహా గాలిలోంచి పుట్టలేదు. ఆయన వాడిన బాటరీకి అది సరి అయిన వైద్యమే.

ఊడ్పు మారింది, పంట మారింది

మూడో స్వభావం గల బాటరీ ఇప్పుడు మీ ఇంట్లో అందరి చేతులలోనూ ఉన్నది. అది లిథియం–అయాను బాటరీ. లిథియం లోహాలన్నిటిలోకీ తేలిక. ఒక ముక్క తీసుకుంటే, అంతే పరిమాణం గల నీళ్ళ బరువులో ఇంచుమించు సగమే తూగుతుంది. దానితో బాటరీ చేస్తే తేలికగా ఉంటుంది గదా అని శాస్త్రజ్ఞులు చాలాకాలం తంటాలు పడ్డారు. కాని లిథియం మహా దుడుకుది. నీరు తగిలితే చాలు, మండిపడుతుంది.

1970 తరవాత విటింగ్‌హామ్ అనే ఆయన లిథియంతో పనిచేసే బాటరీ చేసి చూపాడు. 1980లో గుడినఫ్, ఆయన తోటివారు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో కోబాల్టు ఆక్సైడు వాడి దాని బలం పెంచారు. 1985లో జపానులో యోషినో అనే ఆయన లోహపు లిథియం ముక్కను పూర్తిగా తీసివేసి, దాని స్థానంలో కర్బన పదార్థం పెట్టి, బాటరీకి దుడుకు తగ్గించాడు. 1991లో ఈ రకం బాటరీ మొదటిసారిగా అంగడికి వచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమానం ఇచ్చారు. అప్పటికి గుడినఫ్ వయసు 97 ఏళ్ళు! నోబెల్ బహుమానం పొందినవారిలో అంత పెద్ద వయసువాడు ఇంకొకరు లేరు. తాతయ్యలు కొత్త బాటరీల సంగతి తెలుసుకోలేరని ఎవరన్నా అంటే ఈ మాట చెప్పండి.

పూతరేకులలో పంచదార

ఈ బాటరీ లోపల ఏముంటుంది? మీరు ఆత్రేయపురం పూతరేకులు తిని ఉంటారు. కాగితం కన్న పలచని రేకులు పొరలు పొరలుగా మడిచి, మధ్య పంచదార చల్లుతారు. బాటరీలో ఒక పక్కన ఉండే గ్రాఫైటు సరిగ్గా అలాగే పలచని కర్బనపు పొరలతో తయారై ఉంటుంది. మన పెన్సిలు ములుకులో ఉండేది కూడా ఈ గ్రాఫైటే. రెండో పక్కన కోబాల్టు వంటి లోహాల ఆక్సైడు ఉంటుంది. అందులోనూ పొరలుంటాయి.

లిథియం పరమాణువు ఒక ఎలక్ట్రానును పోగొట్టుకుంటే దానిని లిథియం అయాను అంటారు. చార్జి చేసేటప్పుడు ఈ అయానులు ఆక్సైడు పొరలలోంచి బయలుదేరి, మధ్యనున్న ద్రవం గుండా ప్రయాణించి, గ్రాఫైటు పొరల మధ్య పంచదారలాగా దూరి కూర్చుంటాయి. మనం ఫోను వాడేటప్పుడు మళ్ళీ వెనక్కు వెళతాయి. మగ్గం మీద నాడె అటూ ఇటూ తిరిగినట్టు ఇవి రోజూ తిరుగుతూనే ఉంటాయి. ఈ రాకపోకలలో కాడ్మియంలాటి "జ్ఞాపకం" బెడద లేదు. నలభైలో పెట్టినా, అరవైలో తీసినా దీనికేమీ పట్టదు.

మరి అటువంటప్పుడు ఈ బాటరీ ఎందుకు ముసలిదవుతుంది? మూడు కారణాలున్నవి.

మొదటిది, వేడి. వేసవిలో పెరుగు ఎంత తొందరగా పులుస్తుందో మీకు తెలుసు. రసాయనిక మార్పులకు వేడి అంటే అంత ఇష్టం. బాటరీలో మనకు కావలసిన మార్పుతో పాటు అక్కర్లేని మార్పులు కూడా కొన్ని జరుగుతూ ఉంటాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున సున్నం పొర పేరుకున్నట్టు, గ్రాఫైటు మీద ఒక పలచని పొర పేరుకుంటుంది. మొదట ఆ పొర బాటరీని కాపాడేదే. కాని అది దళసరి అయినకొద్దీ కొంత లిథియాన్ని తనలో శాశ్వతంగా బంధించివేస్తుంది. బంధించిన లిథియం ఇక నాడెలాగా తిరగలేదు. వేడి ఎక్కువైతే ఈ పని త్వరగా జరుగుతుంది.

రెండవది, నిండుగా ఉండటం. బాటరీ 100 దగ్గిర ఉన్నప్పుడు గ్రాఫైటు పొరల మధ్య అయానులు కిక్కిరిసి ఉంటాయి. గ్రాఫైటు సుమారు నూటికి 10 వంతులు ఉబ్బుతుంది. విందు భోజనం చేసి నడుముకు కట్టు బిగించుకున్నట్టుంటుంది దాని పని. వోల్టులు కూడా ఎక్కువగా ఉంటాయి. ఆ ఒత్తిడికి మధ్యనున్న ద్రవం కొద్దికొద్దిగా చెడుతుంది.

మూడవది, బొత్తిగా ఖాళీ కావటం. ఫోను 0 చూపి ఆగిపోయినా, బాటరీలో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. బాటరీని కాపాడటానికే ఫోను ముందుగా ఆగిపోతుంది. కాని అలా ఆగిన ఫోనును నెలల తరబడి మూల పడేస్తే, మిగిలినది కూడా దానంతట అదే తగ్గిపోయి, లోపలి రాగి రేకు కరగటం మొదలుపెడుతుంది. 2020లో బళ్ళు మూసినప్పుడు పాఠాల కోసం కొన్న టాబ్లెట్లు చాలా ఇళ్ళలో బీరువా ఎక్కాయి. అలాటిదాన్ని తీసి చూస్తే ఇప్పుడు ప్రాణం ఉండకపోవచ్చు. అందుకు కారణం ఇదే.

బాటరీ నిపుణులు తరచు చెప్పే ఒక అంచనా చూడండి. బాటరీని 40 దాకా చార్జి చేసి, 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఏడాది పాటు ఊరికే ఉంచితే, దాని శక్తిలో సుమారు 96 వంతులు మిగులుతుంది. 100 దాకా నింపి అదే వేడిలో ఉంచితే 80 వంతులే మిగులుతుంది. 100 నింపి, 40 డిగ్రీల వేడిలో ఉంచితే 65 వంతులకు పడిపోతుంది. ఒక్కసారి కూడా వాడకుండానే! రెంటచింతలలోనూ, రామగుండంలోనూ వేసవి ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నవి. ఎండలో నిలిపిన కారులో వేడి అంతకన్న ఎక్కువ. అక్కడ ఫోను మరిచిపోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మంచి అలవాట్లు

ఇంతవరకు తెలుసుకున్న తరవాత, ఏం చెయ్యాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఒకచోట చెప్పుకుందాం.

ఫోనును 20కి దగ్గిరపడగానే పెట్టి, 80 దాకా ఎక్కితే తీయటం మంచిది. మధ్య మధ్య కొంచెం కొంచెంగా పెట్టినా నష్టం లేదు. సగం దాకా ఎక్కించటం రెండుసార్లు చేస్తే అది ఒక్క పూర్తి చార్జి కిందనే లెక్క. ఫోను బాటరీలు సాధారణంగా 500 నుంచి 1000 పూర్తి చార్జీల తరవాత కొత్తలో ఉన్న శక్తిలో 80 వంతులకు దిగుతాయి.

రాత్రంతా తగిలించి ఉంచితే ఫోను పొంగి పొర్లిపోదు. నిండగానే లోపలి యంత్రాంగం కరెంటు ఆపేస్తుంది. కాని తెల్లవార్లూ నిండుగానే ఉంటుంది గనక ముసలితనం కొంచెం తొందరగా వస్తుంది. ఈనాటి చాలా ఫోనులలో 80 దగ్గిర ఆపివేసే ఏర్పాటు గాని, మీరు లేచే వేళకు మాత్రమే నిండేటట్టు చేసే ఏర్పాటు గాని ఉంటుంది. నాన్నగారి చేత అది పెట్టించండి.

చార్జి అవుతూ ఉండగా ఆటలు ఆడకండి. రెండు పనుల వేడీ ఒక్కసారే పుడుతుంది. ఫోను చేతికి బాగా వేడిగా తగిలితే తీగ తీసి, నీడన చల్లారనివ్వండి. చల్లారుతుంది గదా అని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. లోపల చెమ్మ పడుతుంది.

చలి కూడా మితిమీరితే ప్రమాదమే. 0 డిగ్రీల కన్న చల్లగా ఉన్నప్పుడు చార్జి చేస్తే, లిథియం పొరల మధ్యకు దూరలేక, పైనే లోహంగా పేరుకుంటుంది. మన ఊళ్ళలో ఈ భయం లేదు. కాని అమెరికాలో మంచు కురిసే ఊళ్ళలో మీ పెదనాన్నగారి పిల్లలుంటే, వాళ్ళకు ఈ సంగతి రాయండి. బయటి నుంచి తెచ్చిన ఫోను గది వెచ్చదనానికి వచ్చిన తరవాతనే చార్జి పెట్టాలి.

కొంతకాలం వాడని వస్తువును సగం చార్జితో, చల్లని చోట పెట్టి, కొన్ని నెలలకొకసారి తీసి చూడాలి.

అమ్మ మాట

అమ్మ చెప్పిన మాటకు అందరికన్న ముందు విలువ ఇవ్వాలి. ఎందుకంటే తక్కిన మాటలు బాటరీ ఆయుర్దాయాన్ని గురించి, అమ్మ మాట మన ఆయుర్దాయాన్ని గురించి.

బాటరీలో రెండు పక్కలూ కలుసుకోకుండా మధ్య ఒక పలచని తెర ఉంటుంది. దాని మందం వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. ఆ తెర చిరిగితే రెండు పక్కలూ కలిసి, క్షణాలలో విపరీతమైన వేడి పుట్టి, మంటలు లేస్తాయి. 2016లో ఒక పెద్ద కంపెనీ, బాటరీలలో లోపం మూలాన మంటలు లేచి, తాను అమ్మిన ఒక రకం ఫోనులను లక్షలకొద్దీ వెనక్కు తీసుకోవలసి వచ్చింది. మంచి బాటరీలో ఇలా జరగటం బహు అరుదు. కాని దిండు కింద, దుప్పటి కింద పెట్టిన ఫోనుకు వేడి బయటికి పోయే దారి ఉండదు. కనక చార్జి చేసేటప్పుడు బల్ల మీదనో, రాతి గట్టు మీదనో పెట్టండి.

ఫోను వీపు ఉబ్బినట్టు కనిపించినా, తీయని వాసన వచ్చినా వెంటనే వాడటం మాని పెద్దవాళ్ళకు చూపండి. ఉబ్బిన బాటరీని నొక్కకూడదు, పొడవకూడదు, చార్జి చేయకూడదు. పాత బాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. చెత్తబండిలో నలిగితే అక్కడ పనిచేసేవారికి ప్రమాదం. మన దేశంలో 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం, పాత బాటరీలను సేకరించి తిరిగి ఉపయోగానికి తెచ్చే బాధ్యత తయారుచేసే కంపెనీలది. అటువంటి సేకరణ చోటుకే వాటిని పంపాలి.

తుఫాను కథ

ఈ సంగతులన్నీ తెలుసుకుని, విశాఖపట్నం అమ్మాయి ఒక పట్టిక రాసింది. మొదటి గడిలో "ఇన్వర్టరు: సీసం: ఎప్పుడూ నిండుగా". రెండో గడిలో "తాతయ్య పాత ఫోను: నికెల్: అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ". మూడో గడిలో "అమ్మ ఫోను: లిథియం: 20 నుంచి 80, వేడి కూడదు". దాన్ని తీసుకుపోయి తాతయ్యకు చదివి వినిపించింది.

తాతయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "నీకు హుద్‌హుద్ తుఫాను సంగతి తెలుసా?" అన్నాడు.

2014 అక్టోబరు 12న ఆ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కరెంటు స్తంభాలు వేలకొద్దీ కూలాయి. నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. సెల్ ఫోను టవర్లు కూడా చాలా ఆగిపోయాయి.

"తుఫాను వస్తుందని ముందే చెప్పారు," అన్నాడు తాతయ్య. "ముందు రోజు సాయంత్రం మీ నాన్నమ్మ, 'ఫోను చార్జింగుకు పెట్టండి,' అన్నది. ఇంకా 30 ఉన్నది, పూర్తిగా దిగనీ అన్నాను. తెల్లారేసరికి 8 మిగిలింది, కరెంటు పోయింది. మూడో రోజున సంత గట్టు మీద సిగ్నలు దొరుకుతున్నదని ఎవరో చెబితే పరుగెత్తాను. అక్కడికి పోయి చూస్తే ఫోను చచ్చిపోయి ఉన్నది. హైదరాబాదులో మీ అత్తయ్య మూడు రోజులు అన్నం ముట్టలేదుట, మనకేమైందోనని. చివరికి ఎవరి ఫోనో అడిగి, 'బాగానే ఉన్నాం, తల్లీ' అన్నాను. అప్పటికి నువ్వు ఉయ్యాలలో ఉన్నావు."

"అప్పటి నీ ఫోనులో ఏ బాటరీ ఉండేది, తాతయ్యా?"

తాతయ్య లోపలికి పోయి, పెట్టెలోంచి ఆ పాత ఫోను తీసుకువచ్చాడు. వెనక మూత తీసి, అద్దాలు సవరించుకుని, బాటరీ మీది చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు: "లి...థి...యం."

ఆయన అనుకున్న బాటరీ ఆ ఫోనులో అప్పటికే లేదు! తరం మారింది, సలహా మాత్రం పాతదే మిగిలింది.

అమ్మాయి పట్టిక తీసుకుని, కింద ఇంకొక గడి గీసి ఇలా రాసింది: "తుఫాను కబురు వస్తే: అన్నీ 100." అది కూడా సరి అయిన మాటే. ఎప్పుడన్నా ఒకసారి నిండా నింపితే బాటరీకి వచ్చే నష్టం చాలా స్వల్పం. అవసరమైన రోజున పనికిరాని బాటరీ నూరేళ్ళు బతికి మాత్రం ఏం లాభం?

పట్టిక కింద తాతయ్య కొంచెం చోటు ఖాళీగా ఉంచమన్నాడు. "ఎందుకు, తాతయ్యా?" అంటే, "ఇంకో కొత్త బాటరీ వస్తుంది గదా!" అన్నాడు. నిజమే. సోడియంతో పనిచేసే బాటరీలు అప్పుడే అంగట్లోకి వస్తున్నవి. లిథియంలోనే ఇనుము, ఫాస్ఫేటు కలిపినవి కొన్ని వాహనాలలో ఉన్నవి. వాటిని అప్పుడప్పుడు నిండా చార్జి చేయమని వాటిని తయారుచేసేవారే చెబుతున్నారు. రేపు మీరు పెద్దవాళ్ళయి, మీ మనమలకు "20 నుంచి 80" అని చెప్పబోతే, వాళ్ళు నవ్వవచ్చు.

మీరు కూడా మీ ఇంట్లో ఉన్న బాటరీలన్నిటినీ వెతికి, వాటి మీద ఏం రాసి ఉన్నదో చూసి, ఇటువంటి పట్టిక ఒకటి తయారు చేయండి. గడియారం, టార్చి, ఇన్వర్టరు, స్కూటరు, ఫోను దేనినీ వదలకండి. దేనినీ విప్పకండి కూడా! చివర ఒక గడి మాత్రం ఖాళీగా ఉంచటం మరిచిపోకండి.